రెండో వరస ఆలస్యం

జనవరి 11

అత్తయ్యకి,

నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగితే "ఉన్నాయి, ఎక్కడికి పోతాయి" అంటావు. అందుకని అడగను. నేను బాగానే ఉన్నాను. వంటగదిలో పైపు పగిలి గోడ నానింది. ప్లంబరు ఇదిగో అదిగో అంటున్నాడు.

అసలు సంగతి చెప్తాను, కూర్చుని చదువు. మా సంగీత సంఘం భవనానికి రంగులు వేయిస్తూ మెట్లకింద గది ఖాళీ చేయించాం. విరిగిన కుర్చీలు, చిరిగిన డ్రమ్ములు, ఎలకలు కొరికిన తెరలు బయటికొచ్చాయి. వాటి అడుగున గుడ్డలో చుట్టిన కట్ట ఒకటి ఉంది. విప్పి చూస్తే మామయ్య చేతిరాత. «రెండు కొసలు», రెండు కోరస్‌లకీ ఆర్కెస్ట్రాకీ రాసిన సంగీత నాటకం, మూలప్రతి, ఒక్క పేజీ కూడా పోకుండా ఉంది. ఆ నేల మీదే కూర్చుని చదివేశాను. రంగులవాళ్ళు నన్ను దాటుకుంటూ తిరిగారు.

ఎంత బాగుందో అత్తయ్యా. తాడు పేనేవాళ్ళ పాటలు తీసుకుని మామయ్య ఇంత పని చేశాడని నాకు తెలియనే తెలియదు. మన ఇంట్లో దాని పేరెత్తితే అందరూ నేలచూపులు చూసేవాళ్ళు కదా. ఒకే ఒక్కసారి ఆడిందని, ఆఖరి రంగంలో అమ్మ ఆలస్యంగా ఎత్తుకుందని, రెండో వరసంతా ఆమె వెంట తప్పిందని, జనం నవ్వారని, ఆ తర్వాత మామయ్య కలం ముట్టలేదని, నాకు తెలిసింది ఇంతే. అదీ అమ్మ పోయాక నాన్నమ్మ నా జడ వేస్తూ చెప్పింది. "తాను చెడ్డ కోతి వనమెల్లా చెరిచింది" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, చిన్నపిల్లని కదా.

ఈ ఏడాది దీన్ని మళ్ళీ ఆడిద్దామని సంఘాన్ని ఒప్పించాను. నువ్వు సరేనంటేనే. కోరస్‌వాళ్ళు చేత్తో పట్టుకుని పాడే విడి ప్రతులు నీ బీరువాలో ఉంటాయని ఆశ. అమ్మ చేసిన తప్పు నేను సరిచేయాలి, మామయ్య పేరు నిలబెట్టాలి. నాకింకేమీ అక్కర్లేదు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. నీ ఫోన్లో మాట కుండలోంచి వచ్చినట్టుంటుంది. ఉత్తరమే నయం.

జవాబు కోసం గుమ్మం వైపు చూస్తూ,
నీ మేనకోడలు

*

జనవరి 24

ఏమే కోడలు పిల్లా,

నేను క్షేమం, మోకాళ్ళు క్షేమం కాదు. కింది వాటాలో దర్జీ కొత్త మిషను కొన్నాడు. అది తిరుగుతుంటే నా కప్పులో కాఫీ వణుకుతోంది. పై వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన నిన్ను అడిగాడు. మా కోడలు కండక్టర్ అని చెప్తే ఏ రూటు అన్నాడు. బస్సు కాదు నాయనా, ఆర్కెస్ట్రా అని చెప్పేసరికి నా నోరు నొప్పెట్టింది.

నీ ఉత్తరం చదివి బల్ల మీద పెట్టి కొన్నాళ్ళు దాని జోలికి పోలేదు. ఆ పేరు మళ్ళీ వింటాననుకోలేదే తల్లీ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనుకున్నాను. మళ్ళీ నేనే బీరువా తీసి కట్ట దింపాను. మీ మామయ్య ఉంటే వద్దనేవాడు. వద్దని లోపల్లోపల సంతోషపడేవాడు. అందుకని పంపుతున్నాను.

ఆ పాటలు ఎలా పుట్టాయో నీకు చెప్పేవాళ్ళు లేరు కాబట్టి విను. మీ మామయ్యది స్కూల్లో పాటల మేష్టారు ఉద్యోగం. సెలవొస్తే చాలు రేవు పక్కన తాళ్ళ షెడ్డుకి వెళ్ళి కూర్చునేవాడు. అది పొడుగాటి షెడ్డు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ రెండు వరసలుగా ఎదురెదురుగా నిలబడి, నార వదులుతూ, పురి ఎక్కిస్తూ వెనక్కి నడుస్తారు. తాడు పెరిగేకొద్దీ ఒక వరసకి ఇంకో వరస దూరమవుతుంది. పురి వదిలేయకుండా ఒకళ్ళనొకళ్ళు పాటతో పలకరించుకుంటారు. "ఉన్నావా ఆ కొసన" అని వీళ్ళు. "ఉన్నా, ఉన్నా, వదలకు" అని వాళ్ళు. ఆఖరి రంగమంతా అదే.

కాబట్టి నీ కోరస్‌ని నడిపించు. షోకేసులో గ్లాసుల్లా నిలబెట్టకు. ఇది మాత్రం మర్చిపోకు.

"అమ్మ చేసిన తప్పు" అని రాశావు. ఆ ముక్క నాకు నచ్చలేదు. మీ అమ్మ నాకు ఆడపడుచు, వదిన వదినే. అయినా నా సొంత అక్క కంటే ఎక్కువ. నీకు అన్నీ తెలిసే అలా రాశావో, తెలియక రాశావో. మీ నాన్న నీకు ఏం చెప్పాడో నేను అడగను.

కట్ట గడియారాల ఆయన పట్టుకొస్తున్నాడు, పని మీద మీ ఊరొస్తున్నాడు. టీ ఇవ్వు.

కీళ్ళు మూలుగుతూ,
అత్తయ్య

*

ఫిబ్రవరి 20

అత్తయ్యకి,

కట్ట భద్రంగా చేరింది. ఆయన టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. వెళ్తూ మా హాల్లో గడియారం వెనకబడి ఉందని దాన్ని సరిచేసి మరీ వెళ్ళాడు.

రిహార్సళ్ళు మొదలయ్యాయి. మొదటి వరసకి పళ్ళ డాక్టరుగారు పెద్ద. నోరు తెరవండి అని చెప్పడం ఆయనకి అలవాటే. రెండో వరసకి పోస్టాఫీసు ఆవిడ పెద్ద. ఆ వరసతోనే నా తంటా. ఎన్నిసార్లు చెప్పినా మాటలు నమిలేస్తున్నారు, చివరి అక్షరాలు నాకు అందవు. మేం గట్టిగానే పాడుతున్నామండీ అని నాతోనే వాదన. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని. హాలు కూడా మంచిది కాదులే, ఆ మందపాటి తెరలు శబ్దాన్నంతా తాగేస్తాయి.

నడిపించమన్నావు, కుదరలేదు. వేదిక చిన్నది, నేల నిండా వైర్లు, సగం మంది అరవై దాటినవాళ్ళు. పడితే ఎవరు జవాబు చెప్తారు? మెట్ల మీదే నిలబెట్టాను. కోప్పడకు.

ఇక అసలైన మాట. ఆఖరి రంగం మొదటిసారి పాడించినప్పుడు అంతా గందరగోళమైంది. ఆపి, కాగితాలు తెప్పించి, మామయ్య మూలప్రతితో కలిపి చూశాను. మూలప్రతిలో రెండు వరసలూ తాళానికి సరిగ్గా కలిసి ఉన్నాయి. విడి ప్రతుల్లో మాత్రం రెండో వరస మొదటి నుంచి చివరిదాకా ఒక దెబ్బ ఆలస్యంగా ఉంది! ప్రతులు రాసినవాడెవడో నిద్రమత్తులో ఒక దెబ్బ జరిపి, అలాగే చివరిదాకా రాసుకుంటూ పోయాడు. ఒక్క కాగితంలో కాదు, అన్నిట్లో.

అంటే అమ్మ తప్పు పాడలేదు అత్తయ్యా. చేతిలో ఉన్నదే పాడింది. ఎవడో బుద్ధిలేనివాడి పొరపాటుకి ఇన్నేళ్ళూ అమ్మ నవ్వులపాలైంది. నేను ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చేశాను. దీన్ని దిద్దేయనా? నువ్వు ఊఁ అంటే చాలు.

తేలికపడ్డ గుండెతో,
నీ కోడలు

*

మార్చి 3

అమ్మాయికి,

ఆ బుద్ధిలేనివాడు మగవాడు కాదు. ఆ ప్రతులన్నీ రాసింది నేను.

వేళ్ళ నిండా సిరాతో, ఒక చేత్తో వంటా ఒక చేత్తో రాతా చేసుకుంటూ రాశాను. నిద్రమత్తులో రాశానో మెలకువగా రాశానో నీకే బాగా తెలిసినట్టుంది. చదువుకున్నదానివి, కర్ర పట్టి అంతమందిని ఆడించేదానివి. నాదే తప్పని నీకు అనిపిస్తే దిద్దుకో తల్లీ. ముసలిదాన్ని, నన్నేం అడుగుతావు.

నీకు మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ "ఆఁ? ఆఁ?" అని, తర్వాత చేస్తానని పెట్టేశావు. మాట్లాడ్డం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పు. నేనేం కొరుక్కుతినను.

ఇంకేం రాయడానికి లేదు.

అత్తయ్య

*

మార్చి 15

అత్తయ్యా,

తప్పైపోయింది. నాకు నిజంగా తెలియదు. తెలిసుంటే ఆ మాట రాసేదాన్నే కాదు, నా చెయ్యి విరిగిపోను. అన్ని కాగితాలు ఒక్కదానివే రాశావా? ఒక్క దెబ్బ జరగడం ఒక పెద్ద విషయమా? నువ్వు పెద్ద మనసుతో దిద్దుకోమన్నావు, నాకు కొండంత బరువు దిగింది. సంఘం కార్యదర్శీ నేనూ కూర్చుని రెండో వరస ప్రతులన్నీ దిద్దేశాం. ఇప్పుడు రెండు వరసలూ కత్తెర రెండు ఆకుల్లా కలుస్తున్నాయి. కార్యక్రమం పుస్తకంలో, పూర్వం ప్రతులు రాయడంలో జరిగిన పొరపాటు వల్ల ఈ రచనకీ, ఒక గాయనికీ అన్యాయం జరిగిందని వేయిస్తున్నాను. నీ పేరు రానివ్వను, ఒట్టు.

ఎవరికీ చెప్పని మాట ఒకటి చెప్పనా? అమ్మ గురించి నాకు గుర్తున్నది చాలా తక్కువ. అందులో ఎక్కువగా గుర్తున్నది ఆమె వీపు. కిటికీ దగ్గర నిలబడి ఉండేది. నేను వెనక నుంచి "అమ్మా" అని పిలిస్తే ఒక్కోసారి తిరిగి చూసేది కాదు. మళ్ళీ పిలిచేదాన్ని, అయినా చూసేది కాదు. నేనంటే ఇష్టం లేదేమో అనుకుంటూనే పెరిగాను. ఇప్పుడు కనీసం పాట విషయంలోనైనా ఆమె మీద మచ్చ పోయింది. అది చాలు నాకు.

ఫోన్ సంగతికి ఏమనుకోకు. నీ లైనే అంత.

నిన్న రిహార్సల్లో నవ్వొచ్చే పని జరిగింది. ఫ్లూటు ఆయన తన చోట ఎత్తుకోలేదు. నేను ఆపి, నిద్రపోతున్నారా అని అడిగాను. ఆయన ఊదానండీ అన్నాడు. మళ్ళీ మొదలుపెట్టాం, మళ్ళీ ఊదలేదు. ఈసారి ఆపితే ఎవరూ నవ్వలేదు. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ తెరలు పీకించేయాలి.

నీ కాళ్ళు పట్టుకుంటూ,
కోడలు

*

మార్చి 27

అమ్మలూ,

నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. కోపం ఎక్కడ పోయిందో నాకే తెలియదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. అయినా చించుకుంటున్నాను. నేను మాటిచ్చిన ఇద్దరూ ఇప్పుడు లేరు.

దిద్దుకోమన్నది మంట మీద అన్న మాటే, ఒప్పుకోలు కాదు. నేను తప్పు రాయలేదు. ఆ ఆలస్యం మీ మామయ్య పెట్టించాడు.

రిహార్సళ్ళు తాళ్ళ షెడ్డులోనే జరిగేవి, ఆదివారం అక్కడ పని ఉండదు కాబట్టి. వరసలు దగ్గరగా ఉన్నంతసేపూ మీ అమ్మ పాట సూదిమొనంత కూడా తప్పేది కాదు. వెనక్కి నడిచేకొద్దీ ఆలస్యమయ్యేది. మీ మామయ్య మొదట కోప్పడ్డాడు. అక్కా, మనసు ఎక్కడ పెట్టావు అన్నాడు. ఆమె నవ్వేసి ఊరుకుంది. మిగతావాళ్ళు ఆవిణ్ణి తీసేయమన్నారు. ఆయన ఒక ఆదివారమంతా ఆమెనే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు కనిపెట్టాడు. ఆమె ఎదుటి వరసవాళ్ళ పెదాలు చూసి పాడుతోంది. దూరమయ్యాక పెదాలు కనపడవు. పక్కవాళ్ళ భుజాలు లేచాక, అవి చూసి ఎత్తుకుంటోంది.

వదినకి చెవులు పోతున్నాయమ్మా. ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మ చేసేది టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఉద్యోగం. అక్కడ తెలిస్తే మర్నాడే ఇంటికి పంపేస్తారు. మీ నాన్నకి అప్పుడు పనిలేదు, ఆ ఉద్యోగమే మీ ముగ్గురికీ అన్నం.

మీ మామయ్య ఇంటికొచ్చి అన్నం వద్దని వరండాలో కూర్చున్నాడు. సాయంత్రం టీ ఇస్తే తీసుకుని నాతో అన్నాడు. "అంత దూరం నుంచి జవాబు రావాలంటే ఆలస్యమవదూ? రేపట్నుంచి రెండో వరస మొత్తం ఆలస్యంగానే పాడుతుంది. ప్రతులన్నీ మళ్ళీ రాయి." మూలప్రతి అప్పటికే సంఘం చేతిలో ఉంది, దాన్ని మార్చలేదు. నేను కూర్చుని అన్నీ మళ్ళీ రాశాను. అందరూ ఊపిరి తీసుకుని ఒక దెబ్బ ఆగి ఎత్తుకుంటే, ఆ భుజాలు చూసి మా వదిన వాళ్ళతో కలుస్తుంది. అందరూ ఆలస్యమైతే ఆమె ఒక్కతే ఆలస్యం కాదు కదా.

వింతేమిటంటే పాట అప్పుడే బాగుంది. షెడ్డులో ఈ కొసన నిలబడి "ఉన్నావా" అని వింటే, ఆ కొస నుంచి జవాబు వెంటనే రాదు. వస్తుందా రాదా అని గుండె ఆగుతుంది. అప్పుడు వస్తుంది. తాళ్ళవాళ్ళు కూడా అది విని ఇదే మా పాట అన్నారు.

ఆటరోజు ఏం జరిగిందో నీకు తెలుసు. హాలువాళ్ళు నడవనివ్వలేదు, ఇప్పుడు నువ్వు నడవనివ్వనట్టే. పక్కపక్కన నిలబడి పాడితే ఆ ఆలస్యం తప్పులాగే వినపడుతుంది. నవ్వారు. మీ మామయ్య లేచి నేనే అలా రాశానని చెప్పబోయాడు. వదిన ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసి, అందరి ముందుకీ వెళ్ళి, తప్పు నాది, నన్ను చూసి మావాళ్ళు తప్పారు అంది. తమ్ముడికి రాయడం రాదన్న మాట ఆమె పడనివ్వలేదు. అక్కకి వినపడదన్న మాట ఆయన బయటపెట్టలేదు. ఇద్దరూ కలిసి నా నోటికి తాళం వేశారు. జ్వరంతో ఆమె పోయాక, ఇక ఎందుకు దాపరికం అన్నాను. పోయినవాళ్ళ మాట వాళ్ళ దగ్గరే ఉండనీ అన్నాడు. నీకు మీ నాన్న చెప్పి ఉంటాడని నేను అనుకున్నాను. ఆయనకే తెలియదని ఇప్పుడర్థమైంది. కలం పక్కన పెట్టింది జనం నవ్వినందుకు కాదే. ఆ గొంతు లేదు, అందుకు.

నువ్వు పిలిస్తే ఆమె వెనక్కి తిరగలేదన్నావు. వినపడలేదమ్మా. అంతే. నీ గొంతు సన్నం, చిన్నప్పుడు ఇంకా సన్నం. నువ్వు ఎప్పుడైనా పిలుస్తావేమోనని ఆమె ఇంట్లో ఉన్నంతసేపూ తిరిగి తిరిగి చూస్తూనే ఉండేది. నువ్వు చూసిన వీపు, ఆమె చూడటం మర్చిపోయిన క్షణాలు.

ఇంకొక్క మాట. ఫ్లూటు ఆయన ఊదాడు. నీ రెండో వరస మాటలు నమలడం లేదు. నా ఫోన్ లైను బాగానే ఉంది, గడియారాల ఆయన వచ్చి చూశాడు. మీ అమ్మకి కూడా ముందు పోయింది సన్నటి చప్పుళ్ళే. ఈమధ్య పిట్టలు రావడం లేదేమిటి అని అడిగేది. చెట్టు నిండా ఉండేవి.

చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళు. నన్ను తిట్టుకుంటూ అయినా వెళ్ళు.

అత్తయ్య

*

ఏప్రిల్ 9

అత్తయ్యకి,

వెళ్ళాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా బటను నొక్కమన్నారు. బాగానే నొక్కుతున్నాననుకున్నాను. తలెత్తి చూస్తే అద్దం అవతల ఆ అమ్మాయి మీటలు తిప్పుతూనే ఉంది, నేను ఊరికే కూర్చుని ఉన్నాను.

రెండు చెవులూ. పోయింది తిరిగి రాదు, ఉన్నది కూడా నెమ్మదిగా పోతుంది. చెవికి మిషను పెట్టుకుంటే ఎదురుగా కూర్చున్న మనిషి మాట అందుతుందట. ఆర్కెస్ట్రా అందదు. అందినా అది ఆర్కెస్ట్రాలా ఉండదు అన్నాడు డాక్టరు. మంచివాడు, మొహం మీదే చెప్పాడు.

మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగాడు. మా అమ్మకి అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. నా గురించి కాదు. ఇన్నేళ్ళు ఆమె మీద పెట్టుకున్న కోపం గురించి. చచ్చిపోయిన మనిషి మీద అలిగి కూర్చున్నాను అత్తయ్యా, వెనక్కి తిరగలేదని.

కానీ నీ మీద కూడా నాకు కోపంగా ఉంది. తిట్టుకుంటూ అయినా వెళ్ళమన్నావు కాబట్టి చెప్తున్నాను. ఇది రక్తంలో ఉందని తెలిసి, నేను పాట నేర్చుకుంటానంటే ఎందుకు ఊరుకున్నారు? మామయ్యే కదా నాకు మొదటి పాఠం చెప్పింది. వేరే పని నేర్చుకునేదాన్ని. బట్టలు కుట్టుకునేదాన్ని, లెక్కలు చెప్పుకునేదాన్ని. చెవులతో పనిలేని పనులు లోకంలో ఎన్ని లేవు?

కోరస్‌కి ఇంకా చెప్పలేదు. వాళ్ళకి నాకంటే ముందే తెలుసనుకుంటాను.

కోడలు

*

ఏప్రిల్ 17

నా తల్లికి,

తిట్టావు. మంచి పని చేశావు. లోపల పెట్టుకుంటే కుళ్ళుతుంది.

రక్తంలో ఉందని మాకు తెలియదమ్మా. చిన్నప్పటి జ్వరం వల్ల అనుకున్నాం, ఆమే అలా అనేది. మీ మామయ్యకి తెలిసుంటే నీకు పాఠం చెప్పేవాడా అంటే, చెప్పేవాడేమో. నాకు తెలియదు. ఆయన లేడు అడగడానికి. నువ్వు ఆ చిన్న స్టూలు మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ సరిగమలు పాడుతుంటే, ఆయన మొహంలో వదిన పోయాక మొదటిసారి వెలుగు చూశాను. అప్పుడు ఎవరైనా వచ్చి వద్దన్నా నేను వినేదాన్ని కాదు. బట్టలు కుట్టేదానివట. దర్జీ కింద ఉన్నాడు, అడుగుతాను, నీలాంటి వంకర కుట్టుదాన్ని పనిలో పెట్టుకుంటాడేమో.

నవ్వించడానికి రాశాను. నవ్వకపోయినా ఫర్వాలేదు. నేనూ ఏడుస్తూనే రాస్తున్నాను.

ప్రతులు దిద్దేశావు కదా, అలాగే ఆడించు. పుస్తకంలో పొరపాటని వేయించావు, అలాగే ఉంచు. మీ అమ్మ మీద మచ్చ పోవాలి అన్నావు, పోయింది. నా మీద పడితే పడనీ. నా పేరు ఎవరికి తెలుసు? నాకు ఏ బాధా లేదు. నువ్వు మాత్రం కర్ర వదలకు. వినపడినంతకాలం నిలబడు.

వేళకి తిను.

అత్తయ్య

*

మే 2

అత్తయ్యకి,

నీ మాట ఒక్కటీ వినలేదు. నన్ను కొట్టినా సరే.

కోరస్‌ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. అమ్మ సంగతి, మామయ్య సంగతి, నా సంగతి. నేను అనుకున్నట్టే వాళ్ళకి ముందే తెలుసు. పోస్టాఫీసు ఆవిడ లేచి వచ్చి, ఇకనుంచి మేం మీ వైపు మొహం పెట్టి మాట్లాడతామండీ అంది. తర్వాత అందరం రబ్బర్లు పట్టుకుని, దిద్దిన దిద్దుబాట్లన్నీ చెరిపేశాం. నీ గీతలు మాత్రం ఏ రబ్బరుకీ లొంగలేదు. ఏ సిరాతో రాశావో.

హాలు వదిలేశాం. పాత బస్సుల షెడ్డు ఖాళీగా ఉంటే అడిగి తీసుకున్నాం. పొడుగ్గా ఉంటుంది, నూనె వాసన. వరసలు వెనక్కి నడవడానికి కావలసినంత చోటు. నడవలేనివాళ్ళని పక్కవాళ్ళు చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నారు. పుస్తకంలో పొరపాటు వాక్యం తీయించాను. ప్రతులు రాసినది అని నీ పేరు పూర్తిగా, మామయ్య పేరు కింద వేయించాను.

కర్ర మొదటి వయొలిన్ అమ్మాయికి ఇచ్చేశాను. నీకు కోపమొస్తుందని తెలుసు. నిలబడ్డాను అత్తయ్యా, చాలాసార్లు నిలబడ్డాను. ఫ్లూటు ఎత్తుకుందో లేదో ఆయన బుగ్గలు చూసి తెలుసుకుంటూ ఎంతకాలం నిలబడను? వాళ్ళకి అన్యాయం. నేను రెండో వరసలో పాడతాను, అమ్మ నిలబడ్డ చోట. వెనక్కి నడుస్తాను. ఎంత దూరం నుంచి మొదటి వరస వినపడటం మానేస్తుందో నాకు తెలిసిపోయింది. సగం దూరం కూడా కాదు. అక్కణ్ణించి పక్కవాళ్ళ భుజాలే దిక్కు.

నాకు ఒక్క సాయం చెయ్యి. రా. మొదటి వరస వెనక, ఈ కొసన కూర్చో. పాట ఎలా ఉందో విని నాకు రాయి. బాగుందని అబద్ధం రాయకు. వీళ్ళంతా మంచివాళ్ళు, నా మొహం చూసి బాగుందనే చెప్తారు. మామయ్య చివరికి ఏం చేశాడో నాకు నేనుగా ఎప్పటికీ తెలియదు. నువ్వు చెప్తేనే తెలుస్తుంది.

నీ కోసం రైలు దగ్గర నిలబడే,
కోడలు

*

జూన్ 3

అమ్మలూ,

ఇంటికి చేరాను. గడియారాల ఆయనా ఆయన భార్యా నన్ను మూడంతస్తులూ ఎక్కించారు. ఎదురుగా ఉన్నప్పుడు చెప్పొచ్చు కదా అని నువ్వు అడగలేదు, నేనూ చెప్పలేదు. నీ మొహం చూస్తూ చెప్పలేననిపించింది. రాస్తానని మాటిచ్చాను, రాస్తున్నాను.

మొదటి రంగాలు నీకు వినపడ్డాయి, వాటి గురించి రాయను. డ్రమ్ములాయన కొంచెం తొందరపడ్డాడు, అంతే.

ఆఖరి రంగం. ఎదురెదురుగా నిలబడ్డారు. వయొలిన్ అమ్మాయి చెయ్యి ఎత్తింది. నువ్వు పళ్ళ డాక్టరు పెదాలు చూస్తున్నావు. మీ అమ్మ కూడా కళ్ళు అలాగే కొంచెం చిట్లించేది. నడక మొదలైంది. షెడ్డు రేకుల కింద పాట పైకి వెళ్ళకుండా నేల మీద నడిచినట్టు మనుషుల మధ్యగా వెళ్ళింది. పక్కన కూర్చున్న ముసలాయన తన చేతికర్ర తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, చప్పుడు కాకుండా.

మీరు దూరమయ్యారు. మొహాలు చిన్నవయ్యాయి. "ఉన్నావా ఆ కొసన" అని మా వైపు వాళ్ళు అడిగారు. జవాబు రాలేదు. అందరూ ఆ వైపు చూశారు. అప్పుడు వచ్చింది, "ఉన్నా, ఉన్నా" అని, అందరి గొంతులూ కలిసి. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. అంత దూరం నుంచి ఇంకెలా వస్తుంది? మీ మామయ్య వరండాలో అన్నం మానేసి కూర్చుని విన్నది ఇదే. కింది గొంతులు ముందు అందాయి, పై గొంతులు తర్వాత. ఫ్లూటు మీకూ మాకూ మధ్య ఒంటరిగా కాసేపు ఆడింది. అది చాలా బాగుంది. ఆయన నీ వైపే చూస్తూ ఊదాడు.

ఇక అబద్ధం రాయకన్నావు కాబట్టి రాస్తున్నాను. చివరిసారి అడిగినప్పుడు నీ పక్కనున్న ఆవిడ తల దించుకుంది, ఏడుస్తోందేమో. ఆమె భుజం నీకు సరిగ్గా కనపడలేదనుకుంటాను. రెండో వరసంతా "ఉన్నా" అని పాడి ఆగిపోయింది. ఆర్కెస్ట్రా కూడా ఆగింది. నువ్వు అప్పుడు ఎత్తుకున్నావు. నీ ఒక్క గొంతే. ఏ తోడూ లేదు, ఏ వాద్యమూ లేదు. పక్కవాళ్ళు నిన్ను తట్టి ఆపలేదు. ఆ వయొలిన్ అమ్మాయి చెయ్యి దించలేదు, అలాగే ఎత్తి పట్టుకుని నిలబడింది. గొంతు వణకలేదు. శ్రుతి తప్పలేదు. మీ అమ్మ గొంతు కంటే కొంచెం లావు. చివరి మాట దాకా నింపాదిగా పాడావు.

ఎవరూ నవ్వలేదమ్మా. చప్పట్లు కొంచెం ఆలస్యమయ్యాయి. నువ్వు పాడటం అయ్యేదాకా ఆగారు.

అత్తయ్య